“ఏమీ జరగని” సినిమా: హోలోకాస్ట్ సినిమాలు, గోడ పక్కింటి మనుషులు

కొబ్బరితోట | శనివారం, రాత్రి 11:52

నిన్న రాత్రి ఇంట్లో “ద జోన్ ఆఫ్ ఇంటరెస్ట్” పెట్టాను. 2023లో జొనాథన్ గ్లేజర్ తీసిన సినిమా. ఆస్కార్లు వచ్చాయి కదా అని నేను, అమ్మ, మా బావ కూర్చున్నాం. జర్మన్ డైలాగులు, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్, నేను అమ్మకి తెలుగులో చెబుతూ ఉన్నాను. ముప్పావుగంట కాగానే బావ ఫోను తీశాడు. “ఏం జరుగుతోందిరా ఇందులో?” అన్నాడు. నిజమే, ఏమీ జరగదు. ఒక కుటుంబం ఏటికి పిక్నిక్కి వెళ్తుంది. నాన్న ఆఫీసుకి వెళ్తాడు. అమ్మ తోట చూసుకుంటుంది. గోడ అవతల ఆష్విట్జ్, హోలోకాస్ట్‌లో నాజీలు యూదులను లక్షల్లో చంపిన క్యాంపు. అటు వైపు కెమెరా పోనే పోదు.

మా అమ్మకి మాత్రం తోట నచ్చింది. “ఆవిడ మొక్కలు భలే పెంచిందిరా. బూడిద చల్లిస్తోంది చూడు, మనం వంగమొక్కలకి చల్లినట్టే” అంది.

“షిండ్లర్స్ లిస్ట్” చూసినప్పుడు నేను వెక్కి వెక్కి ఏడ్చాను. దీనికి ఏమీ అనిపించలేదు. లోపం నాదా, సినిమాదా? చూసినవాళ్ళు చెప్పండి.

నల్లగొండ_నాగు | శనివారం, రాత్రి 11:59

లోపం నీది కాదు తమ్ముడూ. నేనైతే థియేటర్లోనే నిద్రపోయిన. రుడాల్ఫ్ హెస్ అంటే హిట్లర్ తర్వాతి స్థానంలో ఉన్నోడు. గంత పెద్ద నాజీ మీద సినిమా తీసి పూలమొక్కలు చూపిస్తే ఎట్లా? కోపం రావాలె, రక్తం మరగాలె. అవార్డుల కోసం తీసిన సినిమా ఇది.

చరిత్ర_మేష్టారు | ఆదివారం, ఉదయం 6:40

నాగూ, ముందు ఒక చిక్కు విప్పాలి. వీళ్ళు ఇద్దరు. హిట్లర్‌కి డిప్యూటీగా ఉండి 1941లో విమానం వేసుకుని స్కాట్లాండ్‌లో దిగినవాడు రుడాల్ఫ్ హెస్. ఈ సినిమాలో ఉన్నవాడు రుడాల్ఫ్ హ్యోస్, ఆష్విట్జ్ కమాండెంట్, అంటే క్యాంపు అధిపతి. జర్మన్‌లో “ఓ” మీద రెండు చుక్కలుంటాయి. మా క్లాసులో ఏటా కనీసం నలుగురు ఇద్దరినీ కలిపేస్తారు.

ఇంకో సంగతి. ఇది మార్టిన్ ఏమిస్ నవల ఆధారంగా తీశారని రాస్తుంటారు. ఆ నవల్లో కమాండెంట్‌కి కల్పిత పేరు ఉంటుంది, ప్రేమకథ కూడా ఉంటుంది. గ్లేజర్ అవన్నీ పక్కనపెట్టి అసలు మనిషిని, అసలు పేరుతో, అసలు ఇంటిని పోలిన ఇంట్లో పెట్టాడు. నవల నుంచి మిగిలింది పేరూ, చంపేవాళ్ళ వైపు నుంచి చూడటం అన్న ఆలోచనా. అంతే.

మిక్సింగ్_మస్తాన్ | ఆదివారం, ఉదయం 9:15

కొబ్బరితోట గారూ, ఒక్క ప్రశ్న. టీవీ స్పీకర్ మీద విన్నారా? వెనక ఫ్యాన్ తిరుగుతోందా?

అలా అయితే మీరు సగం సినిమానే చూశారు. నేను హైదరాబాద్‌లో డబ్బింగ్, మిక్సింగ్ పని చేస్తాను. ఈ సినిమాకి బెస్ట్ సౌండ్ ఆస్కార్ ఊరికే రాలేదు. సౌండ్ డిజైనర్ జానీ బర్న్ షూటింగ్‌కి ముందే 600 పేజీల నోట్సు తయారుచేసుకున్నాడు: ఆ క్యాంపులో ఏ రోజుల్లో ఏ చప్పుళ్ళు వినపడేవి, ఏ మోటారు, ఏ తుపాకి, ఇంటికి ఎంత దూరంలో. బొమ్మలో పిల్లాడు ఆడుకుంటుంటే వెనక అడుగున ఒక మూలుగు లాంటిది నడుస్తూనే ఉంటుంది, పక్క వీధిలో రైసు మిల్లు ఆడుతున్నట్టు. మధ్యలో ఎక్కడో ఒక అరుపు, కుక్క, రెండు కాల్పులు. పావుగంట పోయాక మీ చెవి దాన్ని వినడం మానేస్తుంది. కావాలని చేసిన పని అది. ఆ ఇంట్లో వాళ్ళ చెవికి ఏమైందో మీ చెవికీ అదే అవుతుంది.

మామూలుగా మా దగ్గరికొచ్చే డైరెక్టర్లు “ఇక్కడ గుండె పిండాలి, వయొలిన్లు పెంచు” అంటారు. ఇందులో మైకా లెవీ సంగీతం మొదట్లో నల్లటి తెర మీద, చివర్లో, మధ్యలో కొద్దిచోట్ల తప్ప లేదు. ఏడవమని చెప్పేవాడు ఎవడూ లేడు. మీకు ఏమీ అనిపించకపోవడానికి కారణం అదేనేమో.

నల్లగొండ_నాగు | ఆదివారం, ఉదయం 9:31

ఇద్దరు హెస్సుల సంగతి ఒప్పుకుంటున్న మేష్టారూ, పరువు పోయింది.

మస్తాన్ భాయ్, సినిమా చూడాలంటే హెడ్‌ఫోన్లు, 600 పేజీల నోట్సు కావాలా? మామూలోడికి అర్థం కాకపోతే ఎవరి కోసం తీసినట్టు?

ఇంకోటి అడుగుతా. “షిండ్లర్స్ లిస్ట్” చూసి ప్రపంచం మొత్తం హోలోకాస్ట్ గురించి మాట్లాడింది. ఆ ఎర్ర కోటు పిల్ల ఇప్పటికీ గుర్తుంది. అందులో స్టెర్న్ వేషం వేసింది మన గాంధీ, బెన్ కింగ్స్‌లీ. బాల్కనీలో నిలబడి పొద్దున్నే మనుషులను కాల్చే క్యాంపు అధికారి ఆమన్ గ్యోట్‌ని చూస్తే ఒళ్ళు జలదరిస్తది. చెడ్డోడిని చెడ్డోడిలాగ చూపిస్తే తప్పేంది?

చరిత్ర_మేష్టారు | ఆదివారం, మధ్యాహ్నం 2:05

తప్పేం లేదు. నీ పక్షాన ఒక సాక్ష్యం కూడా ఇస్తాను, మా మేధావి మిత్రులకి నచ్చకపోయినా.

1978లో అమెరికన్ టీవీలో “హోలోకాస్ట్” అని సీరియల్ వచ్చింది. అచ్చమైన మెలోడ్రామా. ఒక యూదు కుటుంబం, ఒక నాజీ కుటుంబం, కన్నీళ్ళు, మధ్య మధ్య ప్రకటనలు. క్యాంపుల నుంచి బతికి బయటపడ్డ ఎలీ వీజెల్ దాన్ని గట్టిగా తిట్టాడు. 1979 జనవరిలో అది పశ్చిమ జర్మనీలో ప్రసారమైంది. ఎపిసోడ్ అయ్యాక చర్చ పెట్టి ప్రేక్షకులను ఫోన్ చేయమంటే లైన్లు తెగిపోయేంత కాల్స్. “నాన్నా, అప్పుడు నువ్వేం చేశావు?” అన్న ప్రశ్న చాలా ఇళ్ళల్లో మొదటిసారి వచ్చింది. హత్యానేరానికి కాలపరిమితి దాటితే కేసు పెట్టకూడదన్న నిబంధన అక్కడ చర్చలో ఉండేది, అంటే చాలామంది నాజీలు తప్పించుకుపోయేవారు. అదే ఏడాది జులైలో పార్లమెంటు ఆ పరిమితిని ఎత్తేసింది. సీరియల్ ఒక్కటే కారణం కాదు గానీ, ఆ గాలి వీయడంలో దాని వంతు ఉంది.

అందుకే ఏడిపించే సినిమాని తక్కువగా చూడను. నా ఇబ్బంది వేరే చోట. గ్యోట్‌ని చూసినప్పుడు “వీడు రాక్షసుడు, నేను కాను” అని నిశ్చింతగా ఇంటికి వస్తాం.

ఫైలు_నంబరు | ఆదివారం, రాత్రి 8:48

నేను ప్రభుత్వ ఆఫీసులో సెక్షన్ ఆఫీసర్ని. ఏ ఆఫీసో అడక్కండి. నాకు నిద్ర పట్టనివ్వని సినిమా “కాన్‌స్పిరసీ”, 2001లో వచ్చింది. దాదాపు మొత్తం ఒక్క గది, ఒక్క బల్ల, ఒక్క మీటింగు. 1942 జనవరి 20న బెర్లిన్ శివార్లలోని వాన్‌జే చెరువు ఒడ్డున ఒక బంగళాలో జరిగిన సమావేశం. 15 మంది హాజరు. సగం మందికి పైగా డాక్టరేట్ ఉన్నవాళ్ళు. ఎజెండా: యూరప్ యూదులందరినీ ఏం చేయాలి.

సినిమాలో గొడవ దేనిమీద జరుగుతుందో చూడండి. చంపాలా వద్దా అని కాదు. ఇది ఎవరి శాఖ పరిధి? సగం యూదు రక్తం ఉన్నవాళ్ళకి ఏ నిబంధన వర్తిస్తుంది? ఎవరు యూదులో, వాళ్ళకి ఏ హక్కులుండవో తేల్చిన న్యూరెంబర్గ్ చట్టం డ్రాఫ్ట్ చేసిన స్టుకార్ట్‌కి కోపం వస్తుంది. తను ఎంతో జాగ్రత్తగా రాసిన చట్టాన్ని వీళ్ళు లెక్కచేయట్లేదని! నేను ఇలాంటి కోపాలు రోజూ చూస్తాను. “మా శాఖని సంప్రదించకుండా సర్క్యులర్ ఎలా ఇస్తారు?” అని. విషయం చెరువు పూడిక అయినా, బడి గోడ అయినా, ఆ కోపం ఇంతే.

మధ్యలో భోజనం, వైను, చుట్టలు. గంటన్నరలో ముగిసింది. మినిట్స్ రాసింది యూదుల తరలింపు చూసే నాజీ అధికారి ఐఖ్‌మన్. యుద్ధం అయ్యాక తన విచారణలో అతనే చెప్పాడు, అక్కడ చంపడం గురించి మాటలు నేరుగానే నడిచాయి గానీ, కాగితం మీద అలా ఉండకూడదని సమావేశం పెట్టిన హైడ్రిక్ చెప్పి భాష మార్పించాడని. అందుకే మినిట్స్‌లో “తూర్పుకి తరలింపు” లాంటి ముక్కలే ఉంటాయి. దేశాలవారీగా పట్టిక కూడా ఉంది, మొత్తం కోటీ పది లక్షల పైచిలుకు. 30 కాపీలు తీస్తే ఒక్కటే మిగిలింది, 1947లో విదేశాంగ శాఖ ఫైళ్ళలో బయటపడింది. ఆ ఒక్కటీ లేకపోతే ఈ సినిమాయే లేదు.

మినిట్స్‌లో మాటలు మెత్తబరచడం నాకు చేతనైన పని. ఇరవై ఏళ్ళుగా చేస్తున్నాను. అందుకే నిద్ర పట్టలేదు.

పాత_టైంటేబుల్ | సోమవారం, ఉదయం 5:30

పెద్దవాణ్ణి, పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

నేను రైల్వేలో కమర్షియల్ సైడు 34 ఏళ్ళు చేసి సికింద్రాబాద్‌లో రిటైరయ్యాను. మా అబ్బాయి కిందటేడు ఒక ఫ్రెంచి డాక్యుమెంటరీ పెట్టిచ్చాడు. పేరు “షోఆ”. క్లోద్ లాంజ్‌మన్ అనే ఆయన 1985లో విడుదల చేశాడు. తొమ్మిది గంటల పైన ఉంటుంది. పాత ఫిల్ము ముక్క ఒక్కటి కూడా వాడలేదు. శవాలు లేవు, హిట్లర్ లేడు. మనుషులు మాట్లాడతారు, రైళ్ళు వెళ్తాయి. నాలుగు విడతలుగా చూశాను.

అందులో రౌల్ హిల్బర్గ్ అని చరిత్రకారుడు ఒక కాగితం పట్టుకుని కూర్చుంటాడు. అది చూడగానే నాకు తెలిసిపోయింది. స్పెషల్ ట్రెయిన్ ఆర్డరు. నంబరు 587. నేను జీవితంలో అలాంటివి ఎన్ని ఫైలు చేశానో లెక్కలేదు. ఏ స్టేషన్లో ఎన్నింటికి, ఎన్ని వ్యాగన్లు, లోడా ఎంప్టీయా. మా భాషే. ట్రెబ్లింకాకి, అంటే పోలండ్‌లో యూదులను చంపిన ఇంకో క్యాంపుకి, బండి ఉదయం 11:24కి చేరుతుంది. 15:59కి ఖాళీగా బయల్దేరుతుంది. ఆ మధ్య నాలుగున్నర గంటల్లో బండి ఖాళీ అవ్వాలి, కడగాలి, ఇంజను తిప్పాలి. టైంటేబుల్ మనిషిగా చూస్తే టర్న్‌అరౌండ్ బాగుంది అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసి టీవీ ఆపేశాను.

కాగితం మీద “రహస్యం” అన్న ముద్ర లేదు, “ఆఫీసు వాడకానికి మాత్రమే” అని ఉంది. రహస్యం అని రాస్తే నలుగురూ ఎందుకని అడుగుతారు కదా, అంటాడు హిల్బర్గ్. వాస్తవం. మా దగ్గర కూడా కాన్ఫిడెన్షియల్ కవరే అందరూ తెరిచి చూసేది.

ఇక చార్జీలు. మామూలు ప్రయాణికుల టారిఫ్ ప్రకారమే బిల్లు కట్టారు. నాలుగేళ్ళ లోపు పిల్లలకి టికెట్ లేదు. పదేళ్ళ లోపు వాళ్ళకి అర టికెట్. 400 మంది దాటితే గ్రూపు రేటు, సగం. ఎక్కించింది పశువుల వ్యాగన్లలో. పోవడానికి మాత్రమే చార్జీ. కాపలావాళ్ళకి రానూపోనూ. ఆ డబ్బు కూడా ఆ యూదుల దగ్గర గుంజుకున్న ఆస్తుల్లోంచే కట్టారు. విహారయాత్రల బుకింగు చూసే ట్రావెల్ ఏజెన్సీ, అదే, వీటికీ బిల్లింగు చేసింది.

నేను తిరుపతికి, షిర్డీకి పార్టీ బోగీలు బుక్ చేసినప్పుడు ఇదే వరసలో రాసేవాణ్ణి. పెద్దలు ఇంతమంది, అరలు ఇంతమంది, ఒళ్ళో పిల్లలు ఇంతమంది. “అరలు” అనే అనేవాళ్ళం.

తర్వాత ష్టీర్ అని జర్మన్ రైల్వే అధికారి వస్తాడు. దొంగచాటు కెమెరాతో తీశారు. “నేను బల్ల దగ్గర్నుంచి లేవలేదు, ఒక్క బండీ కంటితో చూడలేదు” అంటాడు. అంతవరకూ అబద్ధం కాకపోవచ్చు. మేమూ చూడం.

లిండెన్_చెట్టు | సోమవారం, మధ్యాహ్నం 1:20

బాబాయ్ గారూ, మీ పోస్టు ఆఫీసు క్యాంటీన్‌లో చదివాను. అన్నం ముట్టబుద్ధి కాలేదు.

నేను జర్మనీలో ఉంటాను, ఎనిమిదేళ్ళైంది. రెండేళ్ళ క్రితం క్రాకోవ్ నుంచి బస్సులో ఆష్విట్జ్ వెళ్ళాను, గంటన్నర ప్రయాణం. గ్లేజర్ సినిమాలో ఉన్నట్టుండి ఇప్పటి మ్యూజియం చూపిస్తారు కదా, ఆడవాళ్ళు వచ్చి అద్దాలు తుడుస్తూ, ఊడుస్తూ. ఆ అద్దాల ముందు నేను నిలబడ్డాను. వెనక బూట్ల గుట్ట. సూట్‌కేసుల మీద తెల్ల రంగుతో పేర్లు, ఊళ్ళు, పుట్టిన తేదీలు. పోకుండా ఉండాలని శ్రద్ధగా రాసుకున్నారు. మన వాళ్ళు ఇండియా వచ్చేటప్పుడు పెట్టెల మీద మార్కర్‌తో రాస్తామే, అలాగే.

మొదటి క్రెమటోరియం పక్కనే హ్యోస్‌ని 1947 ఏప్రిల్లో ఉరి తీసిన కొయ్య ఉంది. అక్కడ నిలబడి చెట్ల వైపు చూస్తే ఆ ఇల్లు కనిపిస్తుంది. సినిమా పెంచి చూపించిందేమో అనుకునేదాన్ని. లేదు, అంత దగ్గరే.

నాకు దానికంటే ఎక్కువ గుర్తుండిపోయింది ఎర్ఫుర్ట్‌లో చూసింది. సినిమాలో ఇద్దరు మనుషులు సూట్లేసుకుని హ్యోస్ ఇంటికి వచ్చి, గుండ్రటి కొలిమి డిజైన్ టేబుల్ మీద పరుస్తారు, ఒక వైపు కాలుతుంటే ఇంకో వైపు చల్లారుతుంది, ఆగకుండా పనిచేస్తుంది అని. వాళ్ళు టోఫ్ అండ్ సన్స్ కంపెనీ వాళ్ళు. ఎర్ఫుర్ట్‌లో ఆ కంపెనీ ఆఫీసు భవనం ఇప్పుడు మ్యూజియం. బీరు తయారీకి కావలసిన సామాను వాళ్ళ ప్రధాన వ్యాపారం, శవదహన కొలిములు చిన్న విభాగం. ఇంజనీర్ల డ్రాయింగ్ బల్లలు, కొలతలు, క్యాంపులు నడిపిన నాజీ దళం ఎస్‌ఎస్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు అక్కడ ఉన్నాయి. ఆ ఉత్తరాల్లో వాడిన ముగింపు వాక్యాన్ని భవనం గోడ మీద పెద్ద అక్షరాలతో పెట్టారు. తెలుగులో చెప్పాలంటే, “ఎల్లప్పుడూ సంతోషంగా మీ సేవలో”.

నేనూ ఇంజనీర్నే. నా ఈమెయిళ్ళ చివర అలాంటి వాక్యమే ఉంటుంది, దానంతటదే వచ్చేట్టు పెట్టుకున్నాను.

ఫైలు_నంబరు | సోమవారం, మధ్యాహ్నం 1:44

ఇట్లు, తమ విధేయుడు.

సింధూర_అక్షరం | సోమవారం, రాత్రి 9:10

అందరూ చాలా బాగా రాస్తున్నారు. అయినా నాకు కోపంగా ఉంది, చెప్పేస్తాను.

ఈ థ్రెడ్‌లో క్లర్కు ఉన్నాడు, ఇంజనీరు ఉంది, సెక్షన్ ఆఫీసర్ ఉన్నాడు. అందరూ “అయ్యో, నేనూ అలాంటి పనే చేస్తాను” అంటున్నారు. చంపినవాళ్ళలో మనల్ని మనం చూసుకుని బాధపడటంలో ఒక సుఖం ఉంది. చచ్చిపోయినవాళ్ళు ఎక్కడున్నారు ఇందులో? గ్లేజర్ సినిమాలో హంతకులకి ఇల్లు, తోట, పడగ్గది, పిల్లలు, కుక్క ఉన్నాయి. యూదులకి ఏముంది? చప్పుడు. గోడ అవతలి చప్పుడు. ఆ చప్పుడుకి ఆస్కార్.

బాబాయ్ గారు చెప్పిన “షోఆ”లోనే అబ్రహాం బొంబా ఉన్నాడు. ట్రెబ్లింకాలో గ్యాస్ గదిలోకి వెళ్ళే ఆడవాళ్ళ జుట్టు కత్తిరించే పని చేయించారు ఆయనతో. టెల్ అవీవ్‌లో మంగలి షాపులో ఒకరికి జుట్టు కత్తిరిస్తున్నట్టు కత్తెర ఆడిస్తూ చెప్తాడు. తన స్నేహితుడు, ఆయనా మంగలే, తన భార్య, చెల్లెలు లోపలికి రావడం చూసిన సంగతి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాడు. కత్తెర ఆగదు, మాట ఆగిపోతుంది. ఆ మౌనం ముందు మీ 600 పేజీలు ఏ మూలకి?

మిక్సింగ్_మస్తాన్ | సోమవారం, రాత్రి 9:38

అక్కా, ఆ సీన్ ముందు ఏదీ సరిపోదు, ఒప్పుకుంటాను. కానీ ఆ షాపు అద్దెకి తీసుకున్నదే. బొంబా అప్పటికే రిటైరయ్యాడు. లాంజ్‌మన్ ఆయన చేతికి కత్తెర ఇచ్చి, ఆయన “వద్దు, నావల్ల కాదు” అంటుంటే “చెప్పి తీరాలి” అని బతిమాలుతూనే ఒత్తిడి చేశాడు. నాకు ఆ చోట లాంజ్‌మన్ మీదే కోపం వచ్చింది. నిజం చెప్పించడానికి మనిషిని మళ్ళీ ఆ గదిలోకి తోయవచ్చా?

సింధూర_అక్షరం | సోమవారం, రాత్రి 9:52

తోయకపోతే మనకి ఆ గది గురించి తెలిసేది కాదు. రెండూ నిజమే, నాకు తేలలేదు.

ఇంకోటి, దీనికి పూర్తి వ్యతిరేకంగా చేసిన పని మన దేశంలోనే ఉంది. 2023లో “బవాల్” అనే హిందీ సినిమాలో భార్యాభర్తల తగువు సర్దుబాటు కావడానికి ఆష్విట్జ్ తీసుకెళ్ళారు. గ్యాస్ గదిలో హీరో హీరోయిన్లు ఉన్నట్టు కలగంటారు. కాపురాన్ని ఆష్విట్జ్‌తో పోల్చే డైలాగు కూడా ఉంది. హోలోకాస్ట్ జ్ఞాపకం కోసం పనిచేసే యూదు సంస్థ సైమన్ వీసెంతాల్ సెంటర్ వాళ్ళు దాన్ని తీసేయమని అడిగారు. యూరప్ దృశ్యాలు బాగున్నాయని మా ఫ్యామిలీ గ్రూపులో మెసేజ్.

నల్లగొండ_నాగు | సోమవారం, రాత్రి 10:03

ఆ ఆస్కార్ ఫంక్షన్ల గాజా గురించి గ్లేజర్ మాట్లాడింది ఎవ్వరూ అంటలేరేంది? దాని మీద పెద్ద లొల్లి అయింది కదా.

మోడరేటర్ | సోమవారం, రాత్రి 10:20

అయింది. అనుకూలంగా, వ్యతిరేకంగా బహిరంగ లేఖలు వచ్చాయి. దానికి విడిగా థ్రెడ్ తెరిచాను, అక్కడ మాట్లాడండి. అందరూ మర్యాదగా ఉన్న థ్రెడ్ ఇది ఒక్కటే, దయచేసి ఉండనివ్వండి. రెండు పోస్టులు తీసేశాను, ఎవరివో వాళ్ళకి తెలుసు.

చరిత్ర_మేష్టారు | మంగళవారం, ఉదయం 6:15

సింధూరా, నీ కోపంలో నాకు పనికొచ్చేది ఒకటి దొరికింది.

“చెడు మామూలుతనం” అన్న మాట తత్వవేత్త హన్నా ఆరెంట్ నుంచి వచ్చింది. 1961లో జెరూసలేంలో ఐఖ్‌మన్ విచారణ చూసి, 1963లో పుస్తకం రాసింది. అద్దాల బోనులో జలుబుతో చీదుకుంటూ కాగితాలు సర్దుకునే మనిషి. రాక్షసుడిలా లేడు. తన మాటల గురించి తనే ఆలోచించలేని మనిషి, అని ఆమె అంచనా. అప్పట్నుంచి సినిమా తీసే ప్రతివాడికీ ఆ క్లర్కు బొమ్మ చేతికందింది.

కానీ బోనులోని ఐఖ్‌మన్ కొంతవరకు నటిస్తున్నాడు. అంతకు నాలుగేళ్ళ ముందు, 1957లో, అర్జెంటీనాలో దాక్కుని ఉన్నప్పుడు పాత నాజీల మధ్య కూర్చుని టేపు రికార్డరు ముందు మాట్లాడాడు. అందులో ఆర్డర్లు పాటించిన గుమాస్తా లేడు. శత్రువులు కోటీ మూడు లక్షల మందీ చచ్చి ఉంటే తృప్తిగా ఉండేదన్న మనిషి ఉన్నాడు. బెట్టినా స్టాంగ్‌నెత్ ఆ టేపులు, కాగితాలు తిరగేసి పెద్ద పుస్తకమే రాసింది.

హ్యోస్ సంగతీ అంతే. గ్లేజర్ సినిమా చూసి “పాపం మామూలు సంసారి” అనుకోకండి. 1922లోనే పార్టీలో చేరాడు. 1923లో ఒక బడిపంతులుని కొట్టి చంపిన కేసులో జైలుకెళ్ళాడు, 1928 దాకా లోపలే ఉన్నాడు. 1934లో డాహౌ క్యాంపులో పని నేర్చుకున్నాడు. ఆ తోట చుట్టూ గోడ కట్టేనాటికి ఆయనకి ఆ పనిలో బోలెడు అనుభవం. భార్య హెడ్విగ్ కూడా దారి తప్పి ఆ ఇంటికి వచ్చిన అమాయకురాలు కాదు, ఇద్దరూ కలిసిందే నేలకి తిరిగిపోవాలనే జాతివాద యువజన సంఘంలో.

కాబట్టి మామూలు అన్నది మనిషిలో వెతకకూడదని నాకనిపిస్తుంది. బాబాయ్ గారి కాగితంలో వెతకాలి. అర టికెట్‌లో, ఉత్తరం చివరి వాక్యంలో, మినిట్స్‌లో. హ్యోస్‌కి ద్వేషం కావాలి, అది అతనికుంది. బండి నడవడానికి మాత్రం ద్వేషం అక్కర్లేని వందలమంది కావాలి.

నల్లగొండ_నాగు | మంగళవారం, ఉదయం 7:02

మేష్టారూ, ఆ వందలమంది “కాదు” అంటే? తల తీసేటోళ్ళు కదా. చేయక తప్పని పరిస్థితి అనుకున్న నేను.

చరిత్ర_మేష్టారు | మంగళవారం, ఉదయం 7:30

అందరూ అలాగే అనుకుంటారు, సినిమాల పుణ్యమా అని. 1942 జులై 13న పోలండ్‌లో యూజెఫూవ్ అనే ఊరు. హాంబర్గ్ నుంచి వచ్చిన 101వ రిజర్వ్ పోలీసు బెటాలియన్, దాదాపు 500 మంది. ఎక్కువమంది నడివయసువాళ్ళు, పెళ్ళాం పిల్లలున్నవాళ్ళు. ఊళ్ళో దాదాపు 1,500 మంది యూదులను కాల్చాలి. మేజర్ ట్రాప్ కన్నీళ్ళు పెట్టుకుంటూ, మీలో పెద్దవాళ్ళకి ఇది చేతకాదనిపిస్తే పక్కకి రావచ్చు అన్నాడు. పది పన్నెండు మంది ముందుకొచ్చారు. మధ్యలో ఇంకొందరు జారుకున్నారు. వాళ్ళని ఎవరూ కాల్చలేదు, జైల్లో పెట్టలేదు. చరిత్రకారుడు క్రిస్టఫర్ బ్రౌనింగ్ ఆ బెటాలియన్ వాంగ్మూలాలు చదివి 1992లో పుస్తకం రాశాడు.

దీన్ని సినిమాగా తీయడం చాలా కష్టం. పిరికిపందలు అనిపించుకోవడం ఇష్టంలేక కాల్చిన 400 మందిని ఏ నటుడు చూపించగలడు?

లిండెన్_చెట్టు | మంగళవారం, మధ్యాహ్నం 12:50

మేష్టారూ, ఒక్క చిన్న కలుపు. గ్లేజర్ సినిమాలో “కాదు” అన్న మనిషి ఒకరున్నారు. రాత్రిపూట వేడిని చూసే కెమెరాతో తీసిన సీన్లు గుర్తున్నాయా? తెల్లగా మెరుస్తూ ఒక అమ్మాయి, ఖైదీలు పనిచేసే మట్టి గట్టుల్లో ఆపిల్స్ దాచిపెడుతుంది. అది కల్పన కాదు. అలా చేసిన పోలిష్ ఆవిడని, 90 ఏళ్ళ వయసులో, గ్లేజర్ కలిశాడు. సినిమాలో ఆ పిల్ల తొక్కే సైకిలు ఆవిడదే. మా ఆయన ఆ సీన్లు వస్తుంటే టీవీ పాడైందనుకున్నాడు.

సింధూర_అక్షరం | మంగళవారం, రాత్రి 8:25

ఆ సీన్లు నేను సరిగ్గా పట్టించుకోలేదు. మళ్ళీ చూస్తాను. చప్పుడు విషయంలో నా మాట మాత్రం మార్చుకోను.

కొబ్బరితోట | బుధవారం, రాత్రి 10:40

మూడు రోజులుగా చదువుతున్నాను, ఏం రాయాలో తెలియలేదు. నిన్న హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కణ్ణే చూశాను. మస్తాన్ గారూ, మొదటిసారి మా ఇంట్లో ఫ్యాన్ మూడు మీద ఉంది. మీరెలా కనిపెట్టారో!

ఈసారి బొచ్చు కోటు సీను దగ్గర ఆగిపోయాను. సంచిలో వచ్చిన కోటు వేసుకుని హెడ్విగ్ అద్దం ముందు అటూ ఇటూ తిరుగుతుంది. జేబులో చెయ్యి పెడితే ఎవరిదో లిప్‌స్టిక్. పూసుకుని చూసుకుంటుంది. మొదటిసారి చూసినప్పుడు “కొత్త కోటు కొనుక్కుంది” అని అమ్మకి చెప్పాను నేను.

ఆ తర్వాత తోట సీను వచ్చింది. తోటమాలి చక్రాల బండిలో తెచ్చిన బూడిద మడుల్లో కలుపుతున్నాడు. అప్పుడు వెలిగింది. లేచి వంటింట్లోకి వెళ్ళాను. అమ్మ మర్నాటికి కూర తరుగుతోంది. ఆ బూడిద ఎక్కడిదో చెప్పాను. కత్తిపీట ఎత్తి పక్కన పెట్టింది. చాలాసేపు ఏమీ అనలేదు. ఆఖరికి ఒక్కటే అడిగింది:

“చల్లినవాడికి తెలుసా?”

అతను ఖైదీ, తెలుసమ్మా అన్నాను.

చరిత్ర_మేష్టారు | గురువారం, ఉదయం 6:05

అమ్మగారికి చెప్పు. ఆ ఇంటి తోటలో పనిచేసిన ఖైదీల్లో స్టానిస్లావ్ దుబియెల్ అనే పోలిష్ మనిషి బతికి బయటపడ్డాడు. యుద్ధం అయ్యాక వాంగ్మూలం ఇచ్చాడు. ఆ వంటింట్లోకి ఖైదీల గోదాం నుంచి ఏమేం సరుకులు తీసుకెళ్ళాడో, చక్కెరతో సహా, చెప్పాడు.